కూర్చోమన్న మాట

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక మాట నిషేధం. మిల్లు "మూసేశారు" అనకూడదు, "ఆగింది" అనాలి. మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మగ్గాలన్నీ ఆపించి, మేనేజరు బల్లెక్కి నిలబడి, ఆర్డర్లు రాగానే కబురు చేస్తామని చెప్పాడు. ఆ ముక్క పట్టుకుని మా అమ్మ ఇంటికొచ్చింది. వారం తిరక్కుండానే లారీలొచ్చి మగ్గాలు విప్పి పట్టుకుపోయాయి. స్కాట్లండ్‌లో మా డండీ ఊరంతా చూసింది. మా అమ్మ మాత్రం ఆ వీధిన నడవడం మానేసింది.

అమ్మ పేరు ఈనా. పద్నాలుగో ఏట జనపనార మిల్లులో చేరి, నలభై రెండేళ్ళు రెండు మగ్గాల మధ్య నిలబడింది. నాన్న పేరు ఎకీ, ఇల్లు చూసుకునేవాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళకి దొరికినంత తేలిగ్గా మగవాళ్ళకి పని దొరికేది కాదు. అంచేత మా వీధిలో సగంమంది మొగుళ్ళు వంట చేసి, పిల్లలకి స్నానాలు చేయించి, పెళ్ళాలు వచ్చే వేళకి టీకి నీళ్ళు పడేసేవాళ్ళు. "కెటిల్ మొగుళ్ళు" అని పక్క ఊళ్ళవాళ్ళు వాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు. నాన్న దానికేమీ చిన్నబుచ్చుకునేవాడు కాదు. నా చేతి టీ తాగాక మాట్లాడమనండి అనేవాడు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. నేనూ అదే మిల్లులో నేసేదాన్ని. మిల్లులో పని కావాలంటే అర్జీలవీ ఉండేవి కావు. లోపలున్నవాళ్ళెవరో ఒకరు మేస్త్రీకి మాట చెప్పాలి. అమ్మ కోసం వాళ్ళమ్మ మాట చెప్పింది. నా పదిహేనో ఏట నా కోసం అమ్మ చెప్పింది. మాట చెప్పిన మనిషి పరువు ఆ పిల్ల చేతిలో ఉంటుంది కాబట్టి నోరెత్తకుండా పని చేసుకోవాలి. నోరెత్తినా లాభం లేదనుకోండి. వంద మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కమనిషి అరుపు కూడా చెవిన పడదు. అందుకే మిల్లు ఆడవాళ్ళు గొంతు వాడరు. పెదవులు పెద్దగా కదుపుతారు, దానికి చేతులు తోడు చేస్తారు. షెడ్డు ఆ చివరున్న మనిషితో ఈ చివర నుంచి అత్తగారి మీద చాడీలన్నీ చెప్పుకోవచ్చు. మేస్త్రీ మధ్యలో నిలబడి ఉంటే మేస్త్రీ గురించి చెప్పుకోవచ్చు.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. నాన్న వండిన ఖైమా గురించి ఆయన ఎదురుగానే అమ్మా నేనూ మూగనోటితో మాట్లాడుకునేవాళ్ళం. "నా గురించేగా" అనేవాడు. ఇద్దరం ఒకేసారి కాదని తలూపేవాళ్ళం. నాన్నా నేనూ బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళం. అమ్మ పొయ్యిగట్టుకి ఆనుకుని నిలబడి తినేది. మిల్లులో కుర్చీ అన్నది లేదు, ఇంట్లో ఉన్నా ఆవిడకి అది గుర్తుండేది కాదు. మాకూ ఆవిడ అలా నిలబడి తినడం అలవాటైపోయింది.

మిల్లు ఆగాక కూడా అమ్మ తెల్లారి ఐదింటికే లేచేది. కోటు వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని, కిటికీ దగ్గర నిలబడేది. మిల్లు సైరను కూత వినపడుతుందేమోనని. నాన్న టీ కప్పు చేతికిచ్చి పక్కకి తప్పుకునేవాడు. ఆవిడంటే ఆయనకి ప్రాణం, కానీ ఆ కిటికీ దగ్గర ఏం మాట్లాడాలో ఆయనకి తోచేది కాదు. నాకూ తోచలేదు.

జూన్‌లో పేపర్లో ఒక ప్రకటన పడింది. ఎడిన్‌బరాలో పైకప్పు లేని బస్సుల్లో యాత్రికులకి ఊరు చూపించే కంపెనీ ఒకటి గైడ్లు కావాలంది. ఉత్తరం రాశాను. వాళ్ళొక పుస్తకం పంపించి, అది నోటికి పట్టి జూలై ఆఖరి బుధవారం వచ్చి ఒక ట్రిప్పు నడిపి చూపించమన్నారు. నచ్చితే సీజను చివరిదాకా పని. నాకది కావాలి. నా బతుకులో అంతగా కావాలనుకున్నది అంతకు ముందు ఒక్కటీ లేదు. నాన్న బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ప్రశ్నలడిగేవాడు, నేను జవాబులు చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి ఏ రాజు ఏ గదిలో పుట్టాడో, ఏ రాణి ఏ కిటికీ దగ్గర ఏడ్చిందో ఆయనక్కూడా వచ్చేసింది.

అమ్మకిది మింగుడు పడలేదు.

"అక్కడ నీకు మాట చెప్పేదెవరే?" అంది ఒకరోజు, పొయ్యిగట్టు దగ్గర నుంచే.

"ఎవరూ అక్కర్లేదమ్మా. నేనే చెప్పుకుంటాను."

"తన గురించి తనే చెప్పుకునేది చేపలమ్మేవాళ్ళు. రేపు ఆర్డర్లొచ్చి కూత పడితే నువ్వెక్కడో ఉంటావు. నీ మగ్గాలు ఇంకొకత్తెకి ఇచ్చేస్తారు."

మగ్గాలెక్కడున్నాయమ్మా, మూసేశారుగా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న కత్తి ఆపి కళ్ళతోనే వద్దన్నాడు. నేనూ మింగేశాను.

పరీక్ష రోజున తోడుగా ఒకరిని ఉచితంగా బస్సెక్కించుకోవచ్చని కంపెనీ రాసింది. అమ్మని తీసుకెళ్ళమన్నాడు నాన్న. రైలెక్కితే గంటన్నర దూరంలో ఉన్న ఎడిన్‌బరాని మా అమ్మ యాభై ఆరేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. చాలాసేపు బతిమాలితే ఒప్పుకుంది.

"ఊరు చూడ్డానికొస్తాను. మాట మాత్రం చెప్పను," అంది.

నాన్న రొట్టెముక్కల మధ్య జున్ను పెట్టి పెద్ద పొట్లం కట్టిచ్చాడు. ఎడిన్‌బరావాళ్ళు గుమ్మంలోనే "భోంచేసే వచ్చుంటారుగా" అనేసే రకం, వాళ్ళని నమ్ముకుంటే మాడిపోతారని జాగ్రత్తలు చెప్పాడు.

పొద్దున తొమ్మిదికల్లా దిగాం. సముద్రం మీంచి పొగమంచు వచ్చి ఊరంతా కమ్మేసింది. కోట ఉన్న కొండకి కింది సగమే కనిపిస్తోంది. నా ట్రిప్పు పన్నెండుంబావుకి. ఈలోగా ఊరు చూద్దామన్నాను. అమ్మ చూడ్డం మొదలుపెట్టింది, కానీ షిఫ్టుకి వేళ మించిపోయినట్టు నడుస్తూ. హై స్ట్రీట్ ఎగుడంతా నన్ను రొప్పించింది. పెద్ద చర్చి దగ్గర రాళ్ళతో గుండె ఆకారం పరిచిన చోటు చూపించి, ఇది పాతకాలపు జైలు గుమ్మమని, ఊరివాళ్ళు దాని మీద ఉమ్మి వెళ్తారని చెప్పాను. ఇంత చదువుకున్న ఊళ్ళో ఇదేం పాడలవాటని అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, అటూ ఇటూ చూసి, గురి తప్పకుండా గుండె నడిమధ్యన ఉమ్మింది. మేస్త్రీ గుర్తొచ్చాడంది.

ఇంకాస్త పైన ఒక పాత మేడకి మరమ్మతు జరుగుతోంది. కర్రలు కట్టి చుట్టూ గోనెగుడ్డ వేలాడేశారు. అమ్మ ఆగిపోయింది. రాజుల మేడ ముందు ఆగని మనిషి గోనెగుడ్డ ముందు ఆగింది. అంచు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, మంచులో వెలుతురుకి ఎత్తి చూసింది.

"మనదా?" అన్నాను.

"కాదు. కలకత్తాది." కాసేపు ఆ అంచుని అలాగే పట్టుకుంది. "నేత మంచిదే. ఎవత్తో చేయి తిరిగిన మనిషే నేసింది."

మా ఆర్డర్లన్నీ ఎక్కడికి పోయాయో ఊరందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసన్న సంగతి నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ గుడ్డ నలిగిన చోట చేత్తో సాపు చేసి, పద అంది. టీ కొట్లో కూడా కౌంటరు దగ్గర నిలబడే తాగింది.

పన్నెండయ్యేసరికి వేవర్లీ వంతెన మీద బస్సు దగ్గరికి చేరాం. కంపెనీ వాళ్ళది అక్కడే ఒక చిన్న అద్దాల గది. మేనేజరు పిర్రీ పొట్టిగా, చిరాగ్గా ఉన్నాడు. నన్ను పరీక్షించే ఆవిడ మిస్ క్రైటన్. సన్నగా, నిటారుగా, ఆ వేసవిలోనూ చేతికి తొడుగులతో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరు చూపిస్తోందట. నా మాట రెండు వాక్యాలు విని, "డండీయా?" అంది. అవునన్నాను. కాగితం మీద ఏదో రాసుకుంది. మొదలుపెట్టకముందే ఏం రాసిందో మరి.

రెండంతస్తుల బస్సు మేడ మీదికి ముప్ఫైమంది ఎక్కారు. మిస్ క్రైటన్ ముందు వరసలో కూర్చుంది. అమ్మ ఆఖరి వరసలో, సీటు అంచు మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, వచ్చే స్టాపులో దిగిపోయేదానిలా కూర్చుంది.

మొదటి ఐదు నిమిషాలు మైకు బానే పలికింది. బస్సు మౌండ్ అనే వీధి ఎగుడెక్కడం మొదలెట్టగానే గర్రుమని, చిటచిటలాడి, చచ్చింది. అదే సమయానికి డ్రైవరు గేరు మార్చాడు. ఆ పాత ఇంజను రొద, కాళ్ళ కింద రేకుల అదురు అచ్చం మిల్లు షెడ్డే. నేను మైకు పక్కన పెట్టి నా పని నేను చేసుకుపోయాను. కోట గురించి చెప్పాను. పైఅంతస్తుల నుంచి ఒక్క కేక వేసి మురికినీళ్ళు వీధిలోకి కుమ్మరించిన ఆడవాళ్ళ గురించి చెప్పాను. చేతులు తిప్పుతూ, దొరసానులు తప్పుకోలేక తడిసి ముద్దవడం అభినయించి మరీ చూపించాను. ఆఖరి వరసలో అమ్మ తలూపుతోంది. నవ్వాల్సిన చోటల్లా నవ్వుతోంది. ఒకచోట కళ్ళు తుడుచుకుంది. నాకింక భయమన్నది లేదు. అంత బాగా నేను జన్మలో మాట్లాడలేదనుకున్నాను.

మూడో వరసలో ఒక యార్క్‌షైర్ పెద్దాయన చెయ్యెత్తాడు.

"అమ్మాయ్, నీ గొంతేమైనా పోయిందా? మా ఆవిడ తన వినికిడి మిషను చెడిపోయిందనుకుని పావుగంట నుంచీ దాన్ని కొట్టుకుంటోంది."

అప్పుడర్థమైంది నాకు. పావుగంట నుంచి నేను మిల్లు మాట మాట్లాడుతున్నాను. ముప్ఫైమంది ముందు నిలబడి, గొంతులోంచి చప్పుడు రానివ్వకుండా, ఒట్టి పెదవులూ చేతులూ ఆడిస్తున్నాను. అర్థమైంది ఒక్క మా అమ్మకే. ఆవిడకి ఇందులో తేడా ఏదీ కనపడనే లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. గొంతు విప్పబోతే పెగల్లేదు. రెండోసారి పెగిలింది గానీ పిల్లి కూత అంత వచ్చింది. మిస్ క్రైటన్ గబగబా రాస్తోంది.

ఆఖరి వరసలో అమ్మ లేచి నిలబడింది.

"తను చెప్పిందేంటంటే," అంది, బస్సు మొత్తానికీ వినపడేలా, "పైనుంచి మురికినీళ్ళు పోసేవాళ్ళంట. మా మెట్ల మీద గానీ పోసుంటే నేను వాళ్ళచేత తుడిపించేదాకా వదిలేదాన్ని కాదు."

జనం గొల్లుమన్నారు. అమ్మ నా వంక చూసి, కానియ్యి అన్నట్టు గడ్డం ఎగరేసింది. చేసేదేం లేక నేను మళ్ళీ పెదవులు కదిపాను. హై స్ట్రీట్ పొడుగునా అదే వరస. నేను ముందు నుంచి మూగగా చెప్పడం, ఆవిడ వెనక నుంచి కేకేసి చెప్పడం. నేను ఒకటి చెప్తే ఆవిడ ఒకటిన్నర చెప్పేది. ఫలానా మేడలో ఫలానా ప్రభువు ఉండేవాడని నేనంటే, అన్ని కిటికీలు తుడిచిన పనిమనిషి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదని ఆవిడ. హోలీరూడ్ రాజభవనం దగ్గర రాణి ఏడ్చిన కిటికీ గురించి నేనంటే, ఏడవడానికి తీరికుండబట్టి ఏడ్చిందని ఆవిడ. జనం మెడలు తిప్పి తిప్పి మమ్మల్నిద్దరినీ చూస్తున్నారు. వాళ్ళకి సరదాగానే ఉంది. మాట చెప్పనని వచ్చిన మనిషి నా మాటలన్నీ చెప్పేస్తోంది. నా పని అయిపోయిందని నాకు తెలుసు.

ప్రిన్సెస్ స్ట్రీట్‌లోకి వచ్చేసరికి ఒంటిగంటకి పది నిమిషాలుంది. అక్కడ చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అమ్మ కూర్చుని పొట్లం విప్పింది. ఇరుగూ పొరుగూ వద్దంటున్నా చెరో ముక్కా పెట్టి, తనూ ఒకటి తీసుకుంది.

ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలింది. అది రోజూ పేలేదే. ఊరివాళ్ళు గడియారాలు సరిచూసుకుంటారు, కొత్తవాళ్ళు ఎగిరిపడతారు. మా బస్సులోనూ ఎగిరిపడి, తర్వాత నవ్వుకున్నారు. అమ్మ ఎగిరిపడలేదు. కొరికిన రొట్టెముక్కని కాగితంలో చుట్టి సంచీలో పెట్టింది. తలగుడ్డ ముడి బిగించుకుంది. లేచి, ఎవరి వంకా చూడకుండా, చకచకా మెట్ల వైపు నడిచింది. బస్సు కదులుతూనే ఉంది. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టింది.

ఆవిడకి కింద ఏదో పనుందనుకున్నారు అందరూ. ఎక్కడికి వెళ్తోందో నాకొక్కదానికే తెలుసు. మధ్యాహ్నం తిండివేళ ముగిసి కూత పడితే మిల్లు మనిషి అలాగే లేస్తుంది. నలభై రెండేళ్ళు ఆవిడ అలాగే లేచింది.

"అమ్మా," అన్నాను.

గొంతు వచ్చింది. ఎక్కడ నుంచి వచ్చిందో తెలీదు, ఇంజను మీదుగా ఆఖరి వరసదాకా వెళ్ళింది.

"అమ్మా, కూర్చో. మిల్లు మూసేశారు."

అమ్మ కమ్మీ పట్టుకుని నా వంక చూసింది. కింది మెట్టు వంక చూసింది. ఆ కాలు వెనక్కి తీసుకుని, తన సీటు దగ్గరికి నడిచి కూర్చుంది. ఈసారి అంచు మీద కాదు. వీపు వెనక్కి ఆనించి కూర్చుంది.

జనం నా వంక చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. పుస్తకంలో ఉన్నదేదీ నాకు గుర్తు రాలేదు. వాళ్ళకి మా మిల్లు గురించి చెప్పాను, గొంతుతో. కూత గురించి, మూగమాట గురించి, ఒక్కోసారి మేస్త్రీ మీసం గురించి రెండు గంటలు చెప్పుకునేవాళ్ళమని. పొద్దున చూసిన గోనెగుడ్డ గురించి, దాన్ని నేసినావిడ చేయి మంచిదని మా అమ్మ ఒప్పుకోవడం గురించి. నావి డండీ మాటలే, దాచుకోలేదు. వేవర్లీ వంతెన వచ్చేదాకా ఆపలేదు. దిగేటప్పుడు యార్క్‌షైర్ పెద్దాయన భార్య నా చేయి పట్టుకుని, ఇప్పుడు మిషను బాగా పనిచేస్తోందంది. మిస్ క్రైటన్ ఎప్పుడు రాయడం ఆపిందో నేను చూడలేదు. కాగితం మడిచి చేతిసంచీలో పెట్టుకుని, కబురు చేసేదాకా బయట ఉండమంది.

అద్దాల గదికి ఎదురుగా, రోడ్డు ఇవతల బెంచీ మీద అమ్మా నేనూ కూర్చున్నాం. లోపల పిర్రీ, మిస్ క్రైటన్ నిలబడి వాదించుకుంటున్నారు. తలుపులేసుకుని మాట్లాడితే రహస్యమనుకున్నారు పాపం. నేనున్న వైపు నుంచి పిర్రీ మొహం కనిపిస్తోంది, అమ్మ వైపు నుంచి మిస్ క్రైటన్ మొహం.

"మైకు చస్తే నోరు కూడా చచ్చే గైడు నాకెందుకంటున్నాడు," అన్నాను.

"మైకు మీది, చంపింది మీరు అంటోంది ఆవిడ. బాగా పెట్టింది."

"డండీ యాస ఎవరికర్థమవుతుందంటున్నాడు."

"ముప్ఫైమందికి అర్థమైంది, ఒకాయనైతే మిల్లు కబురు విని టోపీ తీసేశాడు అంటోంది." అమ్మ మెడ సాచి ఇంకాస్త చూసింది. "తీశాడా? నేను చూడలేదు."

"సరే, అయితే ఏం చేద్దామో మీరే చెప్పండి అంటున్నాడు."

అమ్మ ఆ అద్దం వంకే చూస్తోంది.

"ఆవిడేమంది?" అన్నాను.

"కనిపించలేదు."

"కనిపించకపోవడమేంటి?"

"అద్దం మీద ఎండ పడిందే," అంది అమ్మ.

పొద్దున్నుంచీ ఆ ఊరి మీద ఎండ అన్నది లేదు. మంచులో ఎదుటి కొండే కనిపించడం లేదు. ఆవిడ అబద్ధమాడుతోందని నాకు తెలిసిపోయింది. కాదన్నారన్నమాట. అడిగి చెప్పించుకునే ధైర్యం లేక ఊరుకున్నాను.

అమ్మ నా ఒళ్ళో సంచీ పెట్టి, ఇక్కడే ఉండమని చెప్పి, రోడ్డు దాటి, తలుపు తోసుకుని నేరుగా లోపలికి వెళ్ళింది. ఆవిడ వీపే కనిపించింది నాకు. ఒక్క ముక్క చదవడానికి లేదు. పిర్రీ నోరు తెరుచుకుని ఉంది గానీ అందులోంచి మాటేదీ రావడం లేదు. రెండు నిమిషాల్లో అమ్మ బయటికొచ్చి, నిన్ను రమ్మంటున్నారంది.

లోపల మిస్ క్రైటన్ నాకు మూడు వారాలు గడువిచ్చింది. గొంతు నిలిస్తే సీజను చివరిదాకా. మర్యాదకి టీ ఇవ్వబోయి, గడియారం చూసి, "మీరు భోంచేసే వచ్చుంటారుగా" అంది. అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా బయటపడ్డాం. వంతెన చివరిదాకా వెళ్ళాక ఆగి నవ్వుకున్నాం.

లోపల ఏం చెప్పావని రైల్లో అడిగాను. వేళ ఎంతయిందో కనుక్కున్నానంది. కాసేపయ్యాక కిటికీలోంచి నీళ్ళ వంక చూస్తూ, "మూసేశారు," అంది, తనలో తనే, ఆ మాట నోట్లో ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు. ఆవిడ చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

ఊరెలా ఉందని నాన్న అడిగితే, ఎగుళ్ళెక్కువ, కూర్చునే చోట్లు బాగున్నాయంది. ఆ సాయంత్రం కుర్చీ లాక్కుని మాతోపాటు బల్ల దగ్గర కూర్చుని తింది. నాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మర్నాడు ఐదింటికి టీ కాచి కిటికీ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ మనిషి లేదు. ఏడున్నరదాకా నిద్రపోయింది. ఒంట్లో బాగాలేదేమో డాక్టరుకి కబురు పెట్టనా అని ఆయన నన్ను మూడుసార్లు అడిగాడు. నేను సంచీ సర్దుకుని ఎడిన్‌బరాకి మకాం మార్చేసరికి ఆయనా ఏడింటిదాకా పడుకోవడం నేర్చుకున్నాడు.

నా గొంతు నిలిచింది. మైకు చచ్చినా ఆఖరి వరసకి వినపడేది. ఆగస్టంతా, సెప్టెంబరంతా ప్రతి శనివారం అమ్మ రైలెక్కి వచ్చేది. టిక్కెట్టు కొనుక్కుని, పన్నెండుంబావు బస్సు ఎక్కి, ఆఖరి వరసలో వెనక్కి ఆనుకుని కూర్చునేది. చెప్పిందే చెప్తుంటే విసుగనిపించదా అంటే, చెప్పించుకుంటుంటే బానే ఉంటుందనేది. ఒక్కోసారి పెదవులు కదిపి, "గట్టిగా" అనేది.

సెప్టెంబరు ఆఖరి శనివారం ఆ ఏటికి చివరి ట్రిప్పు. మళ్ళీ మంచు. మిస్ క్రైటన్ వచ్చి ముందు వరసలో, నా ఎదురుగా కూర్చుంది. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నేను కాస్త ఊపిరి తీసుకుంటుంటే, వచ్చే ఏడు కూడా రమ్మంది. తర్వాత తొడుగులు సర్దుకుంటూ, "ఆ రోజు నేనేమన్నానో మీ అమ్మ మీకు చెప్పిందా?" అని అడిగింది.

"అద్దం మీద ఎండ పడి కనిపించలేదంది," అన్నాను.

మిస్ క్రైటన్ ఆకాశం వంక ఒకసారి చూసింది.

"పిల్ల కంటే తల్లి నయం, తల్లిని తీసుకోమన్నాను పిర్రీగారితో. అంతలో తలుపు తోసుకుని వచ్చేసింది. మీరన్నది రోడ్డవతల నుంచి విన్నానంది. ఎలా విన్నదో ఆయనకి ఇప్పటికీ తెలీదు. మరి మీకు ఇష్టమేనా, ఉద్యోగం చేస్తారా అని ఆవిడనే అడిగాను."

కూత కోసం కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి. పని అన్నది దొరికితే చాలనుకున్న మనిషి.

"ఏమంది?"

"నలభై రెండేళ్ళు నిలబడ్డానమ్మా, ఇన్నేళ్ళలో నన్ను కూర్చోమన్న మనిషి అదొక్కతే, దాన్ని తీసుకోండి అంది. నేను కూర్చుంటాను అంది."

ఫిరంగి పేలింది. జనం ఎగిరిపడి నవ్వుకున్నారు. ఆఖరి వరసలో అమ్మ కదల్లేదు. పొట్లంలోంచి ఇంకో ముక్క తీసుకుని, నా మొహం చూసి, తినడం ఆపేసింది. మిస్ క్రైటన్ ఆవిడకి వీపు పెట్టి కూర్చుంది కాబట్టి ఏం మాట్లాడిందో చదవడానికి లేదు. అమ్మ పెదవులు పెద్దవి చేసి, చప్పుడు లేకుండా, ఏమంటోందని అడిగింది.

కళ్ళు మసకేశాయి. అయినా నేనూ పెదవులు కదిపాను. కనిపించలేదమ్మా, ఎండ పడింది అన్నాను.

అమ్మ తలెత్తి చూసింది. మంచులో కోట కోటంతా మాయమైపోయి ఉంది. చాలాసేపు చూసి, తల దించి, నా వంక తిరిగింది.

"అవునే," అంది మూగగా. "ఇవాళ కూడా భలే ఎండ."